నీడలో కరెంటు పుట్టదు

ఏసీ మీద నా కచ్చ ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. కిటికీలు మూసుకుని చలి కొనుక్కోవడమేంటని ఇక్కడే ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఈ వారం మా మేనల్లుడు ఆ గాయాన్నే కెలికాడు.

దుబాయి నుంచి వచ్చి పాత టెంపో ట్రావెలర్ కొన్నాడు. సీట్లు పీకించి రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి బిగించాడు. భీమ్‌గల్‌లో మా గుమ్మం ముందు ఆపి, "మామా, అమ్మను తీస్కొని తిర్పతి దాకా పోతం. టన్ను ఏసీ వెట్టిన. ఇంట్ల ఇన్వర్టర్ బ్యాటరీ సాలదా?" అన్నాడు.

చాలదు. టన్ను ఏసీకి దాదాపు 1,000 వాట్లు కావాలి. 12 వోల్టుల బ్యాటరీ అంత ఇవ్వాలంటే 100 ఆంపియర్ల దాకా పారాలి. 150 ఏహెచ్ బ్యాటరీ గంట నిండకముందే చేతులెత్తేస్తుంది. పైగా పాతరకం కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు ఒక్క గుంజు గుంజుతుంది, బోరు మోటరు వేస్తే ఇంట్లో బల్బు మసకబారినట్టే.

జనరేటర్ పెడతానన్నాడు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు శవాలై దొరికారు. జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరింది. ఆ మాట విన్నాక మా అక్కే వద్దంది.

ఇక మిగిలింది సోలార్. 540 వాట్ల పలకలు రెండు వేస్తే మంచి ఎండలో రోజుకు 4 యూనిట్ల పైచిలుకు వస్తుంది. మంచి బ్యాటరీలో దాచుకుని పొదుపుగా వాడితే రాత్రి గడుస్తుంది.

"మరి పగలు బండి యాడ ఆపుతవ్‌రా?"

"లింబాద్రి గుట్ట కింద, ఏపచెట్ల నీడకు."

దొరికాడు! కొమ్మ నీడ పడితే పలక పడకేస్తుంది. ఎండలో ఆపితే రేకు పెనమై ఏసీకి పని పెరుగుతుంది. నింబాచలమని పేరులోనే వేప ఉన్న గుట్ట కింద ఏసీ ఎందుకురా, ఆ నీడే చాలదా అని ఉపన్యాసం ఎత్తుకోబోయాను. అక్క మౌనంగా ఉంది. నాకు బావ గుర్తొచ్చాడు.

బావ చెరకు లారీ నడిపేవాడు. చిన్నప్పుడు ఒకసారి, క్రషింగ్ చివర్లో, మార్చి ఎండల్లో, నేనూ ఆయన వెంట బోధన్ వెళ్లాను. నిజాం షుగర్స్ ముందు లారీల బారు. ఇంజన్ ఆపినా దాని సెగ కాళ్ల కింద నుంచి తగ్గలేదు. బావ గోనెసంచి తడిపి ఇంజన్ మూత మీద పరిచాడు, పావుగంటలో ఆరిపోయింది. మళ్లీ తడిపాడు. చివరికి లారీ కిందే తాడిపత్రి వేసుకుని పడుకున్నాడు. తీపి వాసన, ఈగలు, దోమలు. బారు కదిలినప్పుడల్లా ఎవరో బాడీ మీద చరిచేవారు. లేచి నాలుగు గజాలు నడిపి మళ్లీ కిందికి దూరేవాడు. తెల్లారాక ఆ కళ్లతోనే స్టీరింగ్ పట్టాడు. ఆ యార్డులో ఒక్క చెట్టు నీడ ఉన్నట్టు గుర్తులేదు.

ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండాలని నిబంధన వచ్చింది. సంతోషమే. కానీ అది తిరిగేది ఇంజన్ తిరుగుతున్నంతసేపే. అర్ధరాత్రి పెర్కిట్ దగ్గర ఏ దాబా ముందో ఇంజన్ ఆపి కునుకు తీసే డ్రైవరుకు కావాల్సిందీ మా వాడి లెక్కే: ఎన్ని పలకలు, ఎంత బ్యాటరీ.

"ముందు పైరేకు కింద థర్మకోల్ కొట్టించు, ఆ తర్వాతే ఏసీ," అన్నాను వాడితో. టేపు పట్టుకుని నేనే నిచ్చెనెక్కాను. క్యారియర్ పీకేస్తే రెండు పలకలు పడతాయి.