విశాఖ తీరపు డాల్ఫిన్లు – జన్యుసాక్ష్యపు పరిమితులు: ఒక విమర్శనాత్మక పరిశీలన

జీవుల బంధుత్వాన్ని డీఎన్ఏ తేల్చివేసిందన్న వాక్యం మన విజ్ఞాన వ్యాసాలలో తరచుగా కనిపిస్తుంది. ఏ జన్యువు తేల్చింది, ఎక్కడి నమూనాతో తేల్చింది అన్న ప్రశ్నలు మాత్రం అరుదు. ఈ రెండింటినీ పరీక్షించడానికి తెలుగు తీరానికి చెందిన డాల్ఫిన్లే చాలు.

వాల్టర్ ఎలియట్ సేకరించిన నమూనాల ఆధారంగా రిచర్డ్ ఓవెన్ 1866లో విశాఖపట్నం తీరపు జీవులకు కొన్ని కొత్త పేర్లు పెట్టాడు. (అమరావతి శిల్పాల వల్లా, తెలుగు మొక్కల పేర్లను కూర్చిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ వల్లా మనకు పరిచితుడైన ఎలియటే ఇతడు.) వాటిలో ఒకటి బ్రెవిరోస్ట్రిస్, నేడు చిలికలో చూస్తున్న ఇరావాడి డాల్ఫిన్. గ్రే అదే ఏడాది దీని ప్రజాతికి ఓర్కెల్లా, అంటే ‘చిన్న ఓర్కా’, అని పేరు పెట్టాడు. 1999లో లెడక్, పెరిన్, డైజన్‌లు సైటోక్రోమ్ బి అనే ఒక్క జన్యువుతో వంశవృక్షాన్ని నిర్మించినపుడు అది నిజంగానే ఓర్కా పక్కన నిలిచింది. పేరూ జన్యువూ ఏకీభవించాయి. అయితే కేంద్రక జన్యువులనూ, మైటోకాండ్రియా జన్యుసముదాయం మొత్తాన్నీ పరిశీలించిన తరువాతి అధ్యయనాలు దీనిని పైలట్ తిమింగిలాల శాఖలో చేర్చి, ఓర్కాను వేరుచేశాయి. జన్యుక్రమం తప్పు కాదు. తల్లి వైపు నుండి మాత్రమే సంక్రమించే ఒక జన్యువు చరిత్రను జాతి చరిత్రగా చదవడమే చిక్కు. 2005లో ఆస్ట్రేలియా జాతిని విడదీసిన బీస్లీ బృందం పుర్రె, శరీరవర్ణాల సాక్ష్యాన్ని కూడా జోడించడం అందుకే నాకు ఎక్కువ విశ్వసనీయంగా తోస్తుంది.

రెండవ పేరు లెంటిజినోసస్. ఇది సౌసా ప్రజాతికి చెందిన హంప్‌బ్యాక్ డాల్ఫిన్‌ది. 2013లో మెండెజ్ బృందం 235 కణజాల నమూనాలను, 180 పుర్రెలను పరిశీలించింది. మరుసటి ఏడాది జెఫర్సన్, రోసెన్‌బామ్‌లు ఈ ప్రజాతిలో నాలుగు జాతులను గుర్తించారు. ఓవెన్ పేరు పర్యాయపదంగానే మిగిలింది. కాని బంగ్లాదేశ్ నమూనాల మైటోకాండ్రియా క్రమం ప్రత్యేకంగా కనిపించింది. బంగాళాఖాతపు డాల్ఫిన్లు రేపు వేరు జాతిగా తేలి, విశాఖ డాల్ఫిన్ కూడా వాటిలోదే అయితే, నామకరణ నియమాల ప్రకారం 1866 నాటి ఆ పేరును పరిశీలించక తప్పదు. అలాగని బంగ్లాదేశ్ ఫలితాన్ని విశాఖకు అంటగట్టలేం. ఆ పేరు ముడిపడి ఉన్నది విశాఖ నమూనాతో.

సికిందరాబాదుకు చేరువలో, హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు 2003లో సైటోక్రోమ్ బి ఆధారంగానే ప్రకటించిన సార్వత్రిక ప్రైమర్లు వన్యప్రాణి నేరాల దర్యాప్తులో మాంసఖండం ఏ జంతువుదో చెప్పగలుగుతున్నాయి. దానిని వంశనిర్ణయంగా పొరబడే పాఠకులున్నారు. గుర్తింపుకు తెలిసిన జాతుల క్రమాలతో పోలిక చాలు. బంధుత్వానికి కేంద్రక జన్యువులు, పుర్రె కొలతలు, తీరం పొడవునా నమూనాలు కావాలి. మన ఒడ్డుకు కొట్టుకువచ్చే డాల్ఫిన్ కళేబరాన్ని పూడ్చే ముందు వేలెడంత చర్మం, వీలైతే పుర్రె భద్రపరిస్తే, ఓవెన్ పేరును పరీక్షించే సామగ్రి కొంతైనా సమకూరుతుంది.