మనల్ని చూడని గురువు

ఈమధ్య ఆడవాళ్ళు నలుగురు చేరిన చోట కొత్త మాట ఒకటి వినిపిస్తోంది. "ఎక్కడ నేర్చుకున్నావే?" అని అడిగితే, "ఫోన్లో చూసి" అంటున్నారు. ఆవకాయ కొలతలూ, జాకెట్టు కత్తిరింపులూ, యోగాసనాలూ అయిపోయి ఇప్పుడు సంగతి నాట్యం దాకా వచ్చింది. ఆ నాట్యమైనా కూచిపూడో, భరతనాట్యమో కాదు. బెల్లీ డాన్సు! అదీ చేతుల్లో పట్టు విసనకర్రలు పట్టుకుని!

ముక్కున వేలేసుకోకండి. వేసుకున్నా ఫర్వాలేదు గాని, రెండో చేత్తో ఈ పేజీ తిప్పెయ్యకండి. ఎంచేతంటే, ఇక్కడ తేల్చుకోవలసింది ఆ నాట్యం మంచిదా చెడ్డదా అని కాదు. గురువు లేని చోట బొమ్మని గురువుగా పెట్టుకోవలసి వచ్చినప్పుడు, ఏ బొమ్మని పెట్టుకోవాలీ అన్నది. ఇవాళ విసనకర్రల నాట్యమైతే రేపు వీణ కావచ్చు, ఎల్లుండి ఈత కావచ్చు.

ముందు వస్తువేమిటో చూద్దాం. దీన్ని ఫ్యాన్ వెయిల్ అంటారు. వెదురు పుల్లల మడత విసనకర్రే. కాకపోతే పుల్లల చివర్లు దాటి పలచని పట్టుబట్ట జీరాడుతూ ఉంటుంది. మొత్తం పొడవు మామూలుగా మీటరున్నర, కొన్నిటికి ఇంకా ఎక్కువ. రెండు చేతులా రెండు పట్టుకుని తిప్పుతుంటే, చూసేవాళ్ళకి నిప్పు ఎగిసినట్టో, నెమలి పురి విప్పినట్టో ఉంటుంది. చూడ్డానికి తేలిక. పట్టుకుంటే తెలుస్తుంది!

నర్సీపట్నం దాటి మన్యం వైపు వెళ్తుంటే కృష్ణదేవిపేట వస్తుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దండు పోలీసు స్టేషన్ మీద పడి ఆయుధాలు పట్టుకుపోయిన ఊళ్ళలో అదొకటి. 1924లో ఆయన అంత్యక్రియలు జరిగిందీ అక్కడే. అలాంటి ఊళ్ళో నలభై దాటిన ఇల్లాలు ఒకావిడకి ఈ నాట్యం మీద మనసు పడిందనుకోండి. పిల్లలు బడికీ, ఆయన ఆఫీసుకీ వెళ్ళాక తలుపు గడియ పెట్టి, ఫోను పోపులడబ్బాకి ఆనించి నిలబెట్టింది. ఈజిప్టు నాట్యం చెప్పే పంతులమ్మ ఆ వీధిలో ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫోన్లోంచే రావాలి. అలా వచ్చేవాళ్ళు ఒకరా ఇద్దరా? వందలమంది! అందులో ఎవర్ని నమ్మి తన నడుమూ, మోకాళ్ళూ, రోజుకో అరగంటా అప్పజెప్పాలి? సంగతి చిన్నదేం కాదు.

ఈ చిక్కు కొత్తది కూడా కాదు. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయప 'నృత్తరత్నావళి' రాశాడు. తల ఎలా తిప్పాలి, చెయ్యి ఎలా పట్టాలి, కాలు ఎలా వెయ్యాలి, అన్నీ వివరించాడు. కాని అక్షరం కదలదు కదా! రామప్ప గుడి స్తంభాల మీద శిల్పాలున్నాయి, అవీ కదలవు. నటరాజ రామకృష్ణగారు పేరిణికి మళ్ళీ ప్రాణం పొయ్యడానికి ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాల్నీ పక్కపక్కన పెట్టుకుని ఏళ్ళ తరబడి శ్రమపడవలసి వచ్చింది. పుస్తకానికి లేని కదలిక ఇప్పుడు వీడియోకి ఉంది. 1982లో అమెరికాలో జేన్ ఫోండా కసరత్తు క్యాసెట్టు వచ్చి, టీవీ ముందు నిలబడి ఒళ్ళు వంచే అలవాటును ఇంటింటికీ పాకించింది. మంచిదే. కాని పుస్తకానికీ వీడియోకీ ఇద్దరికీ లేనిది ఒకటే: కళ్ళు. మనం వాళ్ళని చూస్తాం. వాళ్ళు మనల్ని చూడరు. కూచిపూడి మాస్టారు చేతిలో కర్రతో తాళం వేస్తూనే, మూల నిలబడ్డ పిల్ల మోచెయ్యి వాలిపోవడం కనిపెడతారు. బొమ్మలో పంతులమ్మ మన మోచెయ్యి విరిగినా చిరునవ్వు చెక్కుచెదరనివ్వదు!

అంచేత మంచి వీడియో ఏదయ్యా అంటే, మనల్ని చూడలేకపోయినా, మనం ఎక్కడ తడబడతామో ముందే ఊహించి పెట్టుకున్న మనిషి చేసింది. ఆ ఊహ ఉందో లేదో కనిపెట్టడం ఎలా? నాకు తోచిన పరీక్షలు చెబుతాను.

మొదటిది, కెమెరా ఎక్కడ చూస్తోంది? బెల్లీ డాన్సు అనగానే మనలో చాలామందికి 1970ల సినిమాల్లో క్లబ్బు పాటలు గుర్తొస్తాయి. జ్యోతిలక్ష్మి, జయమాలిని అక్కచెల్లెళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని ఆడేవారు. ఆ పాటలొచ్చినప్పుడు మనం తల దించుకున్నామంటే, ఆ తప్పు నడుముదేం కాదు. కెమెరాది. దానికి పాదం ఎక్కడ పడుతోందో అక్కర్లేదు. చూపంతా ఒక్క చోటే. ఇప్పుడు పాఠాల పేరుతో వచ్చేవాటిలోనూ అలాంటివి బోలెడు. బొడ్డు దగ్గర ఆగి, పాదాల్నీ విసనకర్ర చివర్లనీ చట్రం బయటికి తోసేసిన వీడియో చూసేవాళ్ళ కోసం తీసింది, నేర్చుకునేవాళ్ళ కోసం కాదు. తల నుంచి పాదం దాకా మనిషీ, కొస దాకా పట్టూ కనబడాలి. ఒక్కసారైనా ఆవిడ మనకి వీపు తిప్పి నిలబడి చెయ్యాలి. ఎదురుగా నిలబడితే ఆవిడ కుడి మనకి ఎడమ. ఉత్తి చేతులతోనే తికమక, విసనకర్రలుంటే చెప్పేదేముంది!

రెండోది, విసనకర్ర పట్టుకోవడం దగ్గర ఎంతసేపు ఆగింది? పట్టు అంటించిన వైపు చూసేవాళ్ళకి కనబడాలి, పుల్లల వైపు మనకి ఉండాలి. అందుకని జతలో సాధారణంగా ఒకటి కుడిచేతిది, ఒకటి ఎడమచేతిది. బొటనవేలు ఎక్కడ నొక్కాలి, మణికట్టు విదిలిస్తే పుల్లలు ఎలా విచ్చుకుంటాయి, మూసేటప్పుడు పట్టు పుల్లల మధ్య నలగకుండా ఎలా లాగాలి, ఇవి ఓపిగ్గా చెప్పిన పంతులమ్మని నమ్మొచ్చు. ఇంకా మంచి పంతులమ్మ తప్పు చేసి కూడా చూపిస్తుంది. పట్టు చేతికి చుట్టుకోవడం, కాలి కింద పడడం, వెనక్కి తిరగబడి పుల్లలకి అతుక్కుపోవడం, ఇవి మనకి మొదటి రోజే జరుగుతాయి. "ఇలా అవుతుంది, అయితే ఇలా విడిపించుకో" అని ఆవిడ నోటివెంట వచ్చిందా, ఆ పాఠానికి కళ్ళున్నట్టే.

మూడోది, వరస. కూచిపూడిలో తరంగానికి ఇత్తడి పళ్ళెం ఎక్కించే ముందు ఎన్నాళ్ళు అడుగులు వేయిస్తారో చూడండి. కాలు నిలబడ్డాకే పళ్ళెం. ఇక్కడా అంతే. ఉత్తి చేతులతో నడుము తిప్పడం, భుజం కదపడం, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మార్చడం, ఇవి వచ్చాకే విసనకర్ర. మొదటి నిమిషంలోనే విసనకర్రలు చేతికిచ్చే వీడియో నడుము పని రాకపోవడాన్ని పట్టుబట్టతో కప్పిపెట్టమంటోందన్నమాట. తాళం కూడా ముందు లెక్కపెట్టి నెమ్మదిగా, తర్వాత పాటతో ఉండాలి.

నాలుగోది, ఒంటి మీద దయ. ముందు ఒళ్ళు వెచ్చబడే కసరత్తు ఉందా? మోకాళ్ళు బిగించకు, కొద్దిగా వంచి ఉంచు అంటోందా? నడుము వెనక్కి విరిచెయ్యకు అంటోందా? నొప్పి పుడితే ఆగమంటోందా? ఇద్దరు పిల్లల్ని కన్న ఒళ్ళుకీ, పద్దెనిమిదేళ్ళ ఒళ్ళుకీ పాఠం ఒకటే ఎలా అవుతుంది? "పది రోజుల్లో పొట్ట మాయం" అని పైన రాసి ఉన్నదాన్ని అక్కడే వదిలెయ్యండి. అది పాఠం కాదు, సంతలో మందు.

ఐదోది, చరిత్ర. "ఫారోల కాలం నాటి నాట్యం, అయిదువేల ఏళ్ళ నాటి విసనకర్రలు" అని మొదలుపెడతారు కొందరు. అసలు సంగతి అంతకంటే సొగసుగా ఉంటుంది. అరబ్బీలో దీని పేరు రక్స్ షర్కీ, తూర్పు నాట్యం. ఇళ్ళలో, పెళ్ళిళ్ళలో ఆడుకునే ఆటకి కైరో రంగశాలల్లో కొత్త మెరుగు అబ్బింది. 1926లో బదియా మసాబ్నీ అనే ఆవిడ అక్కడ రంగశాల తెరిచింది. తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న సామియా గమాల్, తహియా కరియోకా ఆవిడ దగ్గర ఆడినవాళ్ళే. విసనకర్రలు చాలా ఆలస్యంగా వచ్చాయి, తూర్పు ఆసియా విసనకర్ర నాట్యాల చలవ. కొరియాలో ప్రఖ్యాతమైన విసనకర్రల నాట్యాన్ని కిమ్ బేక్ బాంగ్ అనే ఆవిడ 1954లో కూర్చింది. 1890లలో పారిస్‌లో లోయీ ఫుల్లర్ తన పట్టుబట్టల లోపల కర్రలు పెట్టుకుని, చేతుల్ని రెక్కలంత పొడుగు చేసుకుని ఆడింది. ఇలా ఎక్కడెక్కడి ఆడవాళ్ళో తలా ఒక చెయ్యి వేసిన విద్య ఇది. దాన్ని దాచి గప్పాలు కొట్టే పంతులమ్మ మోకాలి సంగతి మాత్రం నిజం చెబుతుందని ఏం నమ్మకం?

ఇక ఇంటి సంగతులు ఏ కైరో పంతులమ్మా చెప్పదు, మనమే చూసుకోవాలి. తలపైన తిరిగే ఫ్యాను ఆపెయ్యండి. పలచని పట్టు ఆ గాలికి ఎటుపోతుందో బ్రహ్మకి తెలియదు. దేవుడి దగ్గర దీపం కొండెక్కాక మొదలుపెట్టండి. మంచం గోడకి జరపండి. విసనకర్రలు కొనేముందు తాటాకు విసనకర్రకి పాత షిఫాన్ ఓణీ ముక్క కుట్టి వారం తిప్పి చూడండి. పట్టంత తేలిగ్గా ఎగరదు గాని, మణికట్టుకి సంగతి అర్థమవుతుంది. డబ్బూ మిగులుతుంది, కోరిక ఎంత గట్టిదో కూడా తేలుతుంది.

ఈ అయిదు పరీక్షలూ నెగ్గిన వీడియో దొరికిందనే అనుకుందాం. అయినా దానికి కళ్ళు రావు. అక్కడే కృష్ణదేవిపేట ఇల్లాలికి ఆ పైనున్న మన్యమే దారి చూపిస్తుంది. చింతపల్లి, పాడేరు, అరకు వైపు గిరిజన స్త్రీలు థింసా ఆడతారు. ఒకరి నడుము చుట్టూ ఒకరు చెయ్యి వేసి గొలుసులా నిలబడతారు. డప్పు, తుడుము, కిరిడి మోగుతుంటే గొలుసంతా ఒకే అడుగు. అక్కడ అద్దం ఉండదు. ఒక కాలు తప్పితే పక్క మనిషి నడుముకి తెలిసిపోతుంది, ఆ నడుమే సర్ది చెబుతుంది. తప్పు తెలియడానికి వాళ్ళకి ఇంకో ఒళ్ళు తోడుంది.

మన ఇల్లాలు గడియ పెట్టుకున్న గదిలో లేనిది అదే. సిగ్గు కొద్దీ గడియ పెట్టుకుంటాం, ఆ గడియే మన తప్పుల్ని భద్రంగా దాచిపెడుతుంది. పక్కింటి పిన్నిగారిని లోపలికి పిలిస్తే ఏమవుతుంది? మొదట నవ్వుతుంది. తర్వాత, "ఏటమ్మా, ఎడం చెయ్యి అలా వేలాడిపోతంది?" అంటుంది. ఆ ఒక్క మాట వీడియో వంద గంటలు నడిచినా అనలేదు. నెల తిరిగేసరికి పిన్నిగారే, "ఏదీ, ఓపాలి నా చేతికియ్యి" అని అడిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

వీడియో కట్టెయ్యగానే మనకేమనిపించిందో గమనించండి. "ఆవిడ ఎంత బాగా ఆడిందీ!" అనిపిస్తే అది వినోదం, రాత్రి భోజనాలయ్యాక అందరూ కూర్చుని చూడొచ్చు. "ఇవాళ నా మణికట్టు తిరిగింది" అనిపిస్తే అది పాఠం. రేపు పొద్దున్న గడియ తీసి పెట్టి, మళ్ళీ అదే పెట్టుకోండి.