హానా హాంప్టన్ చేతులు

గోల్‌కీపర్ పనిలో సగం అంచనాయే. బంతి ఎంత దూరంలో ఉంది, ముందుకు ఉరకాలా, గీత మీదే ఆగాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. దూరం సరిగ్గా ఆనని కళ్లతో ఆ పని ఎవరైనా చేయగలరా? ఇంగ్లండ్ అమ్మాయి హానా హాంప్టన్ చేస్తోంది.

2000లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన హానాది మెల్లకన్ను. పసితనంలోనే ఆపరేషన్లు జరిగాయి. ఫుట్‌బాల్ నీ వల్ల కాదని డాక్టర్లు చెప్పేశారు. గ్లాసులో నీళ్లు పోయబోతే పక్కన పడతాయని తనే చెప్పుకుంది. అంచనా తప్పి వేళ్లు విరిగాయి కూడా.

కుటుంబం స్పెయిన్ వెళ్లడంతో విల్లారియల్ అకాడమీలో చేరింది, అదీ ఫార్వర్డ్‌గా! తిరిగొచ్చాకే గ్లవ్స్ తొడిగింది. గోల్‌ కొట్టడం నేర్చిన ఆ కాళ్లే ఇవాళ ఆమెకు పెద్ద ఆస్తి. వెనక్కి వచ్చిన బంతిని కంగారుగా బాదేయదు, తల ఎత్తి చూసి సహచరి కాలికే అందిస్తుంది.

ఛాతీ ఎత్తున వచ్చే బంతికి కీపర్లు రెండు బొటనవేళ్లు దగ్గరగా పెట్టి, అరచేతులు బంతి వెనక్కి చేరుస్తారు. చూడ్డానికి తేలికే. క్షణం ఆలస్యమైతే విరిగేది వేలే. హానా విషయంలో ఆ క్షణం విలువ ఇంకా ఎక్కువ.

2017లో బర్మింగ్‌హామ్ సిటీ సీనియర్ జట్టు, 2021లో ఆస్టన్ విల్లా, 2023లో చెల్సీ. ఇక దేశం తరఫున, 2025 జూలైలో బాసెల్‌లో స్పెయిన్‌తో యూరో ఫైనల్, పెనాల్టీ షూటౌట్. స్పెయిన్ తారలు మరియోనా కాల్డెంటే, ఐతానా బొన్మాతీ కొట్టిన రెండు బంతులనూ ఆపేసింది.