సంప్రదాయం మాటున లెక్కలు: ‘పడమటి సంధ్యారాగం’లో ప్రవాస కుటుంబం, తరాల ఆకాంక్షలు

కీలకపదాలు: ప్రవాస కుటుంబం, తరాల అంతరం, వియ్యం, కృష్ణా డెల్టా, జంధ్యాల

జంధ్యాల దర్శకత్వంలో 1987లో వెలువడిన ‘పడమటి సంధ్యారాగం’ అమెరికాలో నివసించే తెలుగు కుటుంబాన్ని ఇతివృత్తంగా స్వీకరించిన చిత్రం. ఆదినారాయణ (గుమ్మలూరి శాస్త్రి) ఆచారపరుడైన తండ్రి. అతని కుమార్తె సంధ్య (విజయశాంతి) క్రిస్ (థామస్ జేన్) అనే అమెరికన్ యువకుణ్ణి ప్రేమించి, తండ్రి అభీష్టానికి విరుద్ధంగా వివాహమాడుతుంది. సంధ్య అన్న పేరులోనే పొద్దువాలే వేళ ఉంది. దానికి పడమరను చేర్చడంతో శీర్షిక కథ అంతటినీ దిక్కుల భాషలోకి మార్చింది. అందువల్లనే కాబోలు, ఈ చిత్రాన్ని తూర్పు పడమరల సంఘర్షణగానో సమ్మేళనంగానో చదవడం పరిపాటి అయింది.

ఈ పఠనంలో ఒక లోపం ఉంది. ఆదినారాయణ క్రిస్‌ను నిరాకరించడానికి కారణం అతడు పరదేశీయుడు కావడమేనా? ఇదే తండ్రి విజయవాడలో ఉండి, ఇదే కుమార్తె పక్కవీధిలోని మరో కులపు యువకుణ్ణి కోరుకుంటే, ఇంచుమించు ఇవే మాటలతో కాదనేవాడు. అప్పుడు దానిని సంస్కృతుల సంఘర్షణ అని ఎవరూ అనరు, కులపట్టింపు అంటారు. సముద్రం దాటడంతో ఆ నిరాకరణకు ‘భారతీయ సంస్కృతి’ అన్న గౌరవప్రదమైన పేరు దక్కింది. ప్రవాసం తండ్రిని మార్చలేదు, అతని అభ్యంతరానికి పేరు మార్చింది. దిక్కుల పఠనం ఆ కొత్త పేరునే యథాతథంగా అంగీకరిస్తున్నది.

తండ్రి ఆకాంక్షకు మూలం ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న ఇక్కడ అవసరమవుతుంది. ఈ విషయంలో చైనీయ ప్రవాస కుటుంబాలపై వచ్చిన ‘ది జాయ్ లక్ క్లబ్’ (1993) మంచి పోలిక. ఎమీ టాన్ 1989లో ప్రచురించిన నవల ఆధారంగా వేన్ వాంగ్ తీసిన ఈ చిత్రంలో నలుగురు తల్లులు, నలుగురు కుమార్తెలు. కూతురు జూన్ పియానోలో అసాధారణ ప్రతిభ చూపాలని తల్లి సుయువాన్ పట్టుబడుతుంది. మొదట అది తల్లి మొండితనంగానే తోస్తుంది. యుద్ధకాలంలో ప్రాణభయంతో పారిపోతూ ఆమె కవల పసిపిల్లలను దారిలో విడిచిపెట్టవలసి వచ్చిందన్న సంగతి తెలిశాక ఆ పట్టుదలకు అర్థం మారుతుంది. పోగొట్టుకున్న బిడ్డల బరువు దగ్గరున్న బిడ్డ మీద పడింది. తల్లి చేసింది సబబని చిత్రం అనదు; ఆ ఒత్తిడి ఎక్కడినుండి వచ్చిందో మాత్రం చూపుతుంది.

ఆదినారాయణకు ఇటువంటి గతం బలంగా లేదు. దీనికి జంధ్యాల కథనరీతిలోనే కారణం వెదకాలి. ఒక అలవాటు, ఒక మాటతీరు, ఒక పిచ్చి ఇచ్చి పాత్రను నిలబెట్టడంలో ఆయన సిద్ధహస్తుడు. గుమ్మలూరి శాస్త్రి వాచికం ఆ రీతికి చక్కగా అమరింది. అయితే హాస్యం ఇచ్చే సౌలభ్యానికి ఒక మూల్యం ఉన్నది: చాదస్తం నైజంగా మారినప్పుడు దానికి చరిత్ర అక్కరలేదు. ప్రేక్షకుడు నవ్వుతాడు, తండ్రిని క్షమిస్తాడు, కారణం మాత్రం అడగడు. జంధ్యాల హాస్యాన్ని తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఆయన బలమే ఈ ఒక్క చిత్రంలో అడ్డు వచ్చిందనడానికి.

భాష విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. ‘జాయ్ లక్ క్లబ్’ తల్లీకూతుళ్ల మధ్య చైనీస్, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి. అపార్థం చాలావరకు ఆ సందులో పుడుతుంది. సంధ్య తండ్రితో సమానంగా తెలుగు మాట్లాడుతుంది. తెలుగు ప్రేక్షకునికి ఇది సౌకర్యమే. కాని ఆ సౌకర్యం వల్ల భాషాభేదం తండ్రికీ అల్లునికీ మధ్యకు జరిగిపోయింది, తండ్రీకూతుళ్ల మధ్య అసలు పూడని అగాధం కనిపించకుండా పోయింది.

చిత్రం వదలివేసిన చరిత్ర ఎటువంటిదో కృష్ణా డెల్టాలో సులభంగా చూడవచ్చు. ఆదినారాయణ కుటుంబానికి ఇక్కడి చిరునామా అంటగట్టడం విమర్శ కాదు. ప్రవాసానికి సామాజిక మూలం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇది దగ్గరి ఉదాహరణ. 1852–55 మధ్య కృష్ణపై నిర్మించిన ఆనకట్ట డెల్టా మాగాణికి మిగులు ఇచ్చింది. ఆ మిగులు వ్యాపారంలోకి, చదువులోకి ఎలా ప్రవహించిందో కోస్తాంధ్ర రైతు పెట్టుబడిదారులపై కెరోల్ ఉపాధ్య 1988లో వెలువరించిన అధ్యయనం వివరిస్తుంది. అమెరికా వలస చట్టం 1965లో మారింది. 1977లో బెంజ్ సర్కిల్‌కు తూర్పున, బందరు రోడ్డు మీది కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడింది. అదే సంవత్సరం న్యూయార్క్‌లో తానా తొలి మహాసభ జరిగింది. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం లేదు. ఒకే ప్రవాహపు రెండు ఒడ్లుగా మాత్రం చూడవచ్చు.

చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాదు–మచిలీపట్నం రహదారి కలిసే ఆ కూడలి చుట్టూ నేడు విదేశీ విద్యకు దారి చూపే కన్సల్టెన్సీల బోర్డులు ఎన్నో. వాటి వెనుక కుటుంబ గణితం ఒకటి నడుస్తుంది. అర ఎకరం అమ్మి ఫీజు కట్టినవారు ఉన్నారు; అన్న చదువు కోసం చెల్లెలి చదువు తగ్గించినవారు ఉన్నారు; కట్నాన్ని ముందే లెక్కలో వేసుకున్నవారు ఉన్నారు. ఇంత పెట్టిన చోట బిడ్డ ఉద్యోగం ఒక్కటే రాబడి కాదు. వియ్యం అసలైన రాబడి. సాటి కుటుంబంతో ఇచ్చిపుచ్చుకోవడం జరిగితేనే భూమి, పరపతి, బంధుత్వం ఒకే వలయంలో నిలుస్తాయి. బిడ్డ ఎంతదూరం వెళ్లినా తండ్రులకు అభ్యంతరం ఉండదు, తిరిగి వియ్యం దగ్గరకు వచ్చేంతవరకు. ఆదినారాయణ వంటి తండ్రులు అమెరికాను కోరుకుని అమెరికన్ అల్లుణ్ణి కాదనడంలో వైరుధ్యం లేదు. ఆ లెక్కలో అది పూర్తిగా పొసగుతుంది. కొడుకు విషయంలో సర్దుకుపోగల ఇళ్లు కూతురి విషయంలో బిగుసుకుపోవడం కూడా ఇందులో భాగమే.

శేఖర్ కమ్ముల తొలి చిత్రం ‘డాలర్ డ్రీమ్స్’ (2000) సంస్కృతి చర్చను దాటి, వెళ్లడమా ఉండడమా అన్న ప్రశ్నను యువకుల నోట పలికించింది. అది ముందడుగే. కాని అక్కడ ప్రధానమైనది బయలుదేరాలన్న కోరిక. వెళ్లినవారి పిల్లలు పెద్దలను ప్రశ్నించే దశ దాని పరిధిలోనిది కాదు.

‘జాయ్ లక్ క్లబ్’ చివర జూన్ చైనాకు వెళ్లి, తల్లి విడిచివచ్చిన అక్కలను కలుసుకుంటుంది. తల్లి ఆశకు మూలమైన చోటును ఆమె కళ్లారా చూస్తుంది. సంధ్యకు తండ్రితో వాదించే అవకాశం దొరికింది. ఎవరి పొలం, ఎవరి చదువు, ఎవరి పెళ్లి ఖర్చు తన తండ్రిని విమానం ఎక్కించాయో అడిగే అవకాశం ఆ కథలో ఆమెకు దొరకలేదు.