ఎవరి మెట్టు వారిదే

మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో కొన్ని చిన్న బడులున్నాయి. ఒకే గది, ఒకే టీచరు, వేర్వేరు తరగతుల పిల్లలు. ఏకోపాధ్యాయ బడి అనగానే ఒక తరగతికి పాఠం, మిగతా తరగతులకు కాలక్షేపం అనుకుంటాం. ఇక్కడ అలా ఉండదు. పాప గోడమీది నిచ్చెన పటం దగ్గరికి వెళ్లి తన మెట్టు ఎక్కడుందో చూసుకుంటుంది. మెట్టు మీద ఒక జంతువుదో పక్షిదో బొమ్మ, పక్కన అంకె ఉంటాయి. అరలోంచి అదే బొమ్మ, అదే అంకె ఉన్న కార్డు తీసుకుని తన గుంపులో కూర్చుంటుంది. ఏం చేయాలో చెప్పమని ఎవరినీ అడగదు.

ఈ పనితనం వెనక ఉన్నది పద్మనాభరావు, రమ దంపతులు. 1980ల చివర్లో మొదలుపెట్టి, పల్లె టీచర్లతో కలిసి ఏళ్ల తరబడి ఈ కార్డులను దిద్దుతూ వచ్చారు. దీనికి ‘బడి పెట్టె’ అన్న పేరు వచ్చింది.

వాళ్లు చేసిన మొదటి పని పాఠ్యపుస్తకాన్ని విప్పదీయడం. పాఠాలను చిన్న చిన్న మజిలీలుగా విడగొట్టారు. ఒక్కో మజిలీలో ముందు పరిచయం, తర్వాత అభ్యాసం, ఆపైన పరీక్ష. తడబడితే మళ్లీ సాధన చేయడానికి వేరే కార్డులు, చురుగ్గా దాటేస్తే అదనపు కార్డులు. పరీక్ష కూడా మరో మెట్టే. అందరూ ఒకే రోజున రాయాల్సిన భయం లేదు, ర్యాంకు లేదు. జ్వరమొచ్చి వారం రోజులు రాని పిల్లాడు తిరిగొచ్చాక, ఆగిపోయిన మెట్టు నుంచే ఎక్కుతాడు. వాడు వెనకబడినట్టు ఎవరూ లెక్క కట్టరు.

గుంపుల ఏర్పాటు ఇంకా నేర్పుగా ఉంది. ఒక గుంపుకు టీచరు పూర్తిగా తోడుంటారు, రెండోదానికి కొంత. ఇంకో గుంపు తోటిపిల్లల సాయంతో సాగుతుంది. మరో గుంపులో ఎవరి పని వారు చేసుకుంటారు. ఏ కార్డు ఏ గుంపులో చేయాలో ముందే నిర్ణయించి ఉంటుంది కాబట్టి, కొత్త విషయం మొదలుపెట్టే పిల్లలకు టీచరు సమయం దక్కుతుంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో మనస్తత్వశాస్త్రం చెబుతుంది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ 1985లో పుస్తకంగా తెచ్చిన సిద్ధాంతం ప్రకారం, మనిషి తనంతట తాను పనిలో లీనమవ్వాలంటే మూడు కావాలి: ఈ పని నా ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, తోటివారితో అనుబంధం. సొంత వేగం మొదటిదాన్ని ఇస్తుంది, చిన్న మజిలీ రెండోదాన్ని, గుంపు మూడోదాన్ని. బహుమతులు లేకపోవడమూ లోటు కాదు. 1973లో మార్క్ లెపర్ బృందం అమెరికాలో ఒక శిశు పాఠశాలలో, బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పిల్లలను పరీక్షించింది. ముందే బహుమతి ఆశచూపి గీయించిన పిల్లలు, కొన్ని రోజుల తర్వాత ఖాళీ సమయంలో మిగతావారితో పోలిస్తే సగం సేపే గీశారు. పోలికనూ బహుమతినీ చదువులోంచి తీసేయాలని జిడ్డు కృష్ణమూర్తి జీవితాంతం చెబుతూనే వచ్చారు. ఆయన స్థాపించిన రిషీవ్యాలీ ప్రాంగణంలోనే ఈ నిచ్చెన పుట్టింది.

మెట్ల వరస మాత్రం పిల్లలు ఎంచుకున్నది కాదు, పెద్దలు పేర్చినది. అయినా అది స్వేచ్ఛకు అడ్డు కాలేదు. ఏది ముందో ఏది వెనకో తెలియని పిల్లకు ‘నీ ఇష్టం’ అంటే దిక్కుతోచదు. దారి స్పష్టంగా ఉంటేనే నడక తనదవుతుంది.

ఆ వరస పేర్పులో ఎంత ఆలోచన పడుతుందో కర్ణాటకలో చూడొచ్చు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు రిషీవ్యాలీ పద్ధతి చూసి ‘నలికలి’ మొదలుపెట్టారు. అక్కడ అక్షరాలు అ, ఆలతో మొదలు కావు. మొదట ర, గ, స, ద, అ. గీత చేతికి తేలిక, పైగా ఆ అయిదింటితోనే సర, అరస, గరగస లాంటి మాటలు చదివేయొచ్చు. తెలుగులో అవి గొలుసు, రాజు, రంపం! అయిదు అక్షరాలకే చదవడం వచ్చేసిందన్న సంబరం పిల్లలది. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులూ ఇదే బాట పట్టాయి.

ఈ నిచ్చెన పద్ధతి అండమాన్ తెలుగువారికీ పనికొస్తుంది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత తెలుగే పెద్ద భాష. రాజధాని శ్రీ విజయపురం పక్కనున్న బ్రూక్షాబాద్ లాంటి చోట్ల ఒక్క తరగతిలోనే ఇన్ని ఇంటిభాషల పిల్లలు కలిసి కూర్చోవచ్చు. బడి భాషలో అందరి అడుగూ ఒకే చోట మొదలవదు. అందరినీ ఒకే పేజీ దగ్గర నిలబెడితే కొందరు విసుగెత్తి, కొందరు బెదిరి చదువుకు దూరమవుతారు. అందుకే దీవుల టీచర్లు తమ పిల్లల మాటలతో, తమ సముద్రంలోని చేపల బొమ్మలతో సొంత నిచ్చెన పేర్చుకోవాలి. పల్లె టీచర్లు కూర్చుని కార్డులు దిద్దితే ఏం సాధ్యమో రిషీవ్యాలీ ఇప్పటికే చేసి చూపింది.