నీడలో పూచు సినోనోమె

వేసవిపూలు వాడిపోవు వేళకు గాని పూతకు రాని మొక్క నొకదానిని, ఇంగ్లండులోని మా యింటి ఉత్తరపు గోడ ప్రక్కను, ఎండ సోకని మూలలో, కొంతకాలముగా పెంచుచున్నాను. తోటమాలులు దీనిని టోడ్ లిల్లీ యందురు. మా దానిది సినోనోమె యను రకము. దూరమునుండి చూచువారికి ఇందు విశేష మేమియు గోచరింపదు. వంగి చూచినవారికి మాత్రము, తెల్లని ఆరు రేకులనిండ ఊదాచుక్కలు, వాని నడుమ మూడు పాయలుగా చీలి, ఒక్కొక్క పాయ మరల రెండై వంగిన కీలము, దానిపై మంచుబిందువులవలె మెఱయు గ్రంథులు కానవచ్చును. వెలుపలి మూడు రేకుల మొదట ఉబ్బిన తేనెసంచులు కలవు. తేనెకై దూరిన తుమ్మెద వీపునకు, పైన వ్రేలాడు పుప్పొడితిత్తులు రాచుకొనును.

ఈ ప్రజాతికి ట్రైసిర్టిస్ అని పేరిడినవాడు, కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై యుండిన డేనిష్ వైద్యుడు నథానియల్ వాలిచ్. 1826లో, నేపాళపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున. కాని మా మొక్క పుట్టింటివారు హిమాలయవాసులు కారు. ఒక వంశము జపానుది: స్వీడను వైద్యుడు థన్‌బర్గ్ 1784లో వర్ణించిన హిర్టా, ఒడలెల్ల నూగుతో, ఆకు ఆకు మొదటను పూచునది. రెండవది తైవానుది: 1879లో వృక్షశాస్త్రజ్ఞుడు బేకర్ పేరిడిన ఫార్మోసానా, కొమ్మ చివర గుత్తులు పట్టి, నేలలో పిలకలు ప్రాకించుకొనునది. సముద్రమునకు ఆవలిదొకటి, ఈవలిదొకటియైన ఈ రెంటికిని తోటలో సంబంధము కుదిరి సినోనోమె పుట్టినది. గుత్తులను చూచునప్పుడెల్ల తైవాను పాలే మెండని నాకు తోచును.

సంకరజాతి గనుక, గింజ నాటిన ఇదే పూవు మరల వచ్చునని నమ్మరాదు. కావున వసంతారంభమున చిగురు నేలపైకి తొంగిచూచుచుండగా, కుదురు త్రవ్వి, ప్రతి పిలకకును వేళ్లు మిగులునట్లు పదునైన చాకుతో చీల్చి, ఆకుమట్టి కలిపిన తేమనేలలో నాటవలెను. ఈ లెక్కను మా పెరటి సినోనోమెయు, మఱియొకరి పెరటిదియు అక్కచెల్లెండ్రు కారు, ఒకే మొక్క ముక్కలు. అందుచేతనే కాబోలు, పొరుగువారికి పిలక నిచ్చునప్పుడు దానము చేయుచున్నానన్న భావము నాకు కలుగదు. వారికి చెప్పు జాగ్రత్తలు మాత్రము కలవు: లేతచిగురును నత్తలు వదలవు, వేసవిలో మొదలు ఎండిపోయెనా ఆకుల అంచులు మాడును, భాద్రపదము వచ్చినను మొగ్గ కానరాలేదని విసిగి కొమ్మలు కోసివేయరాదు.