ప్రాజెక్టుకు మార్కులు వేయుట

రాజంపేటకు ఇంజనీరింగు కళాశాల 1998లో వచ్చినది. నేడు ఆ ప్రాంతపు పిల్లలు ఎందరో బి.టెక్. చివరి సంవత్సరంలో జట్లుగా చేరి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు చేస్తున్నారు. వాటికి మార్కులు వేసే ఆచారం ఏ ఒక్క కళాశాలదీ కాదు, చాలాచోట్ల ఒకటే. అట్ట వేసిన నివేదిక, కొన్ని పటములు, ఒకసారి ప్రోగ్రాము నడిపి చూపుట, నాలుగు ప్రశ్నలు. ఇందులో పరీక్ష జరిగేది ప్రదర్శనకే గాని ప్రోగ్రాముకు కాదు.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి వరదకు రాజంపేట వద్ద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినది. దిగువ ఊళ్ళలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. అటువంటి నదిలో నీటిమట్టం కనిపెట్టి ఫోనులకు హెచ్చరిక పంపే ప్రోగ్రామును ఒక జట్టు వ్రాసినదనుకొందాము. పరీక్షనాడు మట్టపు అంకె పెంచగానే తెరపై ఎర్రగుర్తు వెలుగుతుంది, పరీక్షకుడు తృప్తిపడతాడు. కాని ఏటివద్ద కరెంటు పోయి అంకె రాకపోతే? చివరిసారి వచ్చిన అంకెనే పట్టుకొని ప్రోగ్రాము ‘క్షేమము’ అంటుందా, ‘సమాచారము అందలేదు’ అంటుందా? వరద రాత్రి కరెంటు నిలుస్తుందని ఎవరు నమ్ముతారు! ఈ ఒక్క ప్రశ్నకు పటములన్నిటికంటే ఎక్కువ మార్కులు పెట్టవచ్చును.

ఒకచోట నడచిన ప్రోగ్రాము మరొకచోట నడచునన్న నమ్మకం కూడా ప్రమాదమే. 1996 జూన్ 4న ఐరోపావారి ఆరియేన్-5 రాకెట్టు ఎగిరిన నిమిషంలోపే పేలిపోయినది. ఆరియేన్-4లో చక్కగా నడచిన ప్రోగ్రాము భాగాన్నే దానిలోనూ ఉంచారు. క్రొత్త రాకెట్టు వేగం హెచ్చు గనుక ఒక అంకె పెద్దదై, దానికి కేటాయించిన 16 బిట్లలో పట్టలేదు. నిపుణులకే ఇట్లయినప్పుడు, వేరొకరి ప్రోగ్రాము తెచ్చి పేరు మార్చిన ప్రాజెక్టును మార్చి మార్చి పరీక్షింపక మార్కులు వేయుట ఎట్లు?

ఇక నలుగురికీ ఒకే మార్కు వేయుట. లినస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ అనే సాధనం ప్రతి మార్పునూ ఎవరి పేరున, ఎప్పుడు చేరినదో నమోదు చేస్తుంది. ఇది మంచి సాక్ష్యమే గాని, వరుసలు లెక్కపెట్టి మార్కులు వేస్తే అన్యాయమే. జట్టుకంతా ఒకే కంప్యూటరుంటే పేరు ఒక్కరిదే కనిపిస్తుంది. ఒక్కొక్కరిచేత ప్రోగ్రాములో ఒక చిన్న మార్పు అప్పటికప్పుడు చేయించి చూచుట ఇంతకంటే నమ్మదగినది.

ఒక్కరోజులో అన్ని జట్లను ఇట్లు పరీక్షించుట సాధ్యమా అని పరీక్షకులు అడుగుతారు. సాధ్యం కాదు. అందుకే ఆ పని సెమిస్టరు పొడుగునా జరగాలి. ఒక జట్టు ప్రోగ్రామును మరొక జట్టు చెడగొట్టి చూడాలి. కనిపెట్టిన ప్రతి తప్పుకూ కనిపెట్టినవారికి మార్కులుండాలి.